చంటిబిడ్డకు నెలనెలా డబ్బు



మన పొదిలి ప్రాంతపు రైతుకు డబ్బు ఏడాదికొకసారే కంటబడుతుంది. పొగాకు వేలానికి పెట్టాకనో, మిర్చి గుంటూరు యార్డుకు తోలాకనో నాలుగు రూపాయలు వస్తాయి. కౌలు, పురుగుమందుల కొట్టు బాకీ ముందు పోతాయి. చంటిబిడ్డకు మాత్రం పాలు, గుడ్డు రోజూ కావాలి. తల్లిదండ్రులకు ప్రేమ లేక కాదు, కావలసిన రోజున చేతిలో పైసా ఆడదు.

2020 జనవరిలో అమ్మ ఒడి వచ్చింది. ఎందరు పిల్లలున్నా తల్లికి 15,000 రూపాయలే. 2025 జూన్‌లో తల్లికి వందనం చదువుకునే ప్రతి బిడ్డకూ 13,000 చొప్పున తల్లి ఖాతాలో వేసింది. రెండూ మంచివే. కానీ రెండూ ఒకటో తరగతి నుంచే! ఒళ్లూ బుద్ధీ వేగంగా ఎదిగేది అంతకు ముందు కదా. ఆ వయసుకు 1975లో మొదలైన అంగన్‌వాడీ పథకమే దిక్కు. (అక్కడిచ్చిన గుడ్డు ఇంటికొచ్చాక ఎవరి కంచంలో పడుతుందన్నది వేరే సంగతి.) కాస్త కలిగిన ఇళ్లలోనూ పాలు తగ్గించి ఎల్‌కేజీ ఫీజు కట్టేవారున్నారు.

మనకు నెలనెలా పెన్షను వస్తుంది. ఊళ్లో అంత నికరమైన రాబడి కొద్దిమందికే. పండక్కి మనవరాలికి దుద్దులు చేయించే బదులు, ప్రతి నెలా పాలవాడి లెక్క మనం కట్టడం మేలని నా అభిప్రాయం. అంగన్‌వాడీలో బిడ్డలను తూచే రోజున కోడలు పొలం పోతే, మనమే ఎత్తుకుపోదాం.