మూడవ కాయిల్ కొనుటకు ముందు

(మన సంఘపు వారపు సమావేశమున చేయబడిన ప్రసంగ పాఠము)



గంజాము తీరమున గోపాలపురము, ఆర్జిపల్లి మొదలుకొని పూరీలోని పెంటకోట వఱకు సముద్రమును నమ్ముకొని తరతరములుగా స్థిరపడిన తెలుగు కుటుంబములు పెక్కు కలవు. ఒకనాడు తెప్పకు తెడ్డును, తెరచాపయు చాలియుండెను. నేడు ఫైబరు పడవకు ఇంజను తప్పనిసరి యైనది. తెడ్డు విఱిగినచో మనవారే చెక్కుకొందురు. ఇంజను ఆగినచో దుకాణమునకు రావలెను. అట్టి దుకాణము నడుపువారిలో మేమును ఒకరము గనుక, తఱచుగా మా బల్ల మీదికి వచ్చు ఒక చిన్న వస్తువును గూర్చి నాలుగు మాటలు మనవి చేయదలచితిమి. అది ఇగ్నిషన్ కాయిల్.

డీసెలు ఇంజనులలో ఈ కాయిల్ ఉండదు. పెట్రోలుతో నడచు ఔట్‌బోర్డు ఇంజనులకును, పెట్రోలుతో మొదలిడి వేడెక్కిన పిదప కిరసనాయిలుకు మార్చు ఇంజనులకును మాత్రమే మా మాటలు వర్తించును.

“మొన్ననే వేసితిమి, అప్పుడే కాలిపోయినది, ఇంకొకటి ఇమ్ము” అని మనవారు అడుగుదురు. వ్యాపారికి అడిగిన వస్తువు ఇచ్చుట సులభము. కాని ఒక కాయిల్ పోయినచో అది దాని దోషమే కావచ్చును. అదే చోట రెండవదియు పోయినచో, దానిని చంపునది వేఱొకటి ఉన్నదని గ్రహింపవలెను. ఆ కారణము తెలియకుండ మూడవది కొనుట, కుండకు చిల్లి ఉండగా నీరు పోయుచుండుటయే. ఇది డబ్బుతో పోవు సంగతియు కాదు. ఒడ్డునకు వచ్చునపుడు అలలు విఱుగు చోట పడవను నిలువుగా ఉంచునది ఇంజనే. అచ్చట అది ఆగి, పడవ అలకు అడ్డము తిరిగినచో నలుగురి ప్రాణములకు ముప్పు.

కాయిల్ పని యేమనగా, ఒక చుట్టులోనికి వచ్చిన తక్కువ వోల్టును, సన్నని తీగెతో వేలకొలది చుట్లు చుట్టిన రెండవ చుట్టులో పది, ఇరువది వేల వోల్టులకు పెంచి ప్లగ్గునకు పంపుట. ప్లగ్గు కొనయందు రవ్వ దూకగానే ఆ శక్తి ఖర్చగును. రవ్వ దూకుటకు దారి లేనిచో వోల్టు ఇంకను పెరిగి, కాయిల్ లోపలనే దారి వెదకుకొనును. తీగెకు పూసిన సన్నని పూత అచ్చట చిల్లు పడును. ఒకసారి చిల్లు పడిన చోటనే మరల మరల రవ్వ కొట్టి, కాయిల్ కొలదిదినములలో చచ్చును. ఈ యొక్క సంగతి మనసున నుంచుకొన్నచో తక్కినవన్నియు సులభముగా బోధపడును.

మొదటి శత్రువు ప్లగ్గు. కొన అరిగి సందు పెరిగినకొలది కాయిల్‌కు భారము హెచ్చును. కొత్త కాయిల్ వేయునపుడు పాత ప్లగ్గునే ఉంచుట పొరపాటు. ఇంజను పుస్తకములో చెప్పిన ప్లగ్గునే, చెప్పిన సందుతోనే వేయవలెను. కిరసనాయిలు మసి పట్టినపుడు మాత్రము కథ వేఱు: రవ్వ మసి గుండ జారిపోవును, ఇంజను తడబడును, కాయిల్ బాగుగనే ఉండును. కనుక కాయిల్‌ను నిందించుటకు ముందు ప్లగ్గు తీసి చూడుడు.

రెండవది ప్లగ్గు వైరును, దాని టోపీయు. ఉప్పునీరు చొచ్చి లోపల కిలుము పట్టినను, తీగె తెగినను రవ్వకు దారి మూసికొనును. మూడవది ఎర్తు. కాయిల్‌ను బిగించిన బోల్టు క్రింద తుప్పు గాని, రంగు గాని ఉన్నచో కరెంటు తిరిగిపోవు దారి చెడును. అచ్చటి లోహము మెఱయునట్లు గీకి బిగింపవలెను. బోల్టు వదులైనచో అదురునకు కాయిల్ పగిలి, పగులునందు ఉప్పుతేమ చేరును.

నాలుగవది మన చేతులలోని అలవాటు. ప్లగ్గు వైరు ఊడదీసి, ఇంజను త్రాడు లాగుచు, రవ్వ ఎంత దూరము దూకునో చూచి “కాయిల్ బలముగా ఉన్నది” అని సంతోషించువారు ప్రతి రేవునను కలరు. ఆ దూరపు దూకుడే కాయిల్ లోపలి పూతను చీల్చును. పరీక్షింపవలెనన్నచో రవ్వ చూచుటకై చేసిన చిన్న పనిముట్టు దొరకును; లేదా ప్లగ్గును వైరుకు తగిలించి, దాని లోహపు ఒడలు ఇంజనుకు గట్టిగా తాకునట్లు ఉంచవలెను. పెట్రోలు వాసన తగులుచున్నచో ఈ పరీక్ష చేయనే కూడదు.

బ్యాటరీతో పనిచేయు కాయిల్ గలవారు మఱి రెండు చూడవలెను. ఇంజను ఆగియుండగా తాళము తెఱచి విడిచినచో కాయిల్ వేడెక్కి కాలవచ్చును. ఇంజను నడచుచుండగా 12 వోల్టుల బ్యాటరీ వద్ద మీటరు 15 వోల్టులు దాటినచో రెగ్యులేటరు చెడినదని తెలియవలెను.

ఇక కాయిల్ నిజముగా పోయినదా అని తెలిసికొనుట. రెండు సిలిండర్లకు వేఱువేఱు కాయిల్‌లు ఒకే రకమువి ఉన్నచో మీటరు కూడ అక్కఱలేదు. రెంటిని తారుమారు చేయుడు. దోషము కాయిల్‌తో కూడ రెండవ సిలిండరునకు పోయినచో కాయిల్ చెడినది. దోషము ఉన్నచోటనే ఉన్నచో ప్లగ్గు, వైరు, సి.డి.ఐ. పెట్టె చూడవలెను. ఏ సిలిండరునకును రవ్వ లేనిచో ముందు ఆపు స్విచ్చి వైరు ఒరసికొని ఇంజనుకు తాకుచున్నదేమో చూడుడు. ఈ ఒక్క వైరు మూలమున మంచి కాయిల్‌లు చెత్తలోనికి పోవుచున్నవి.

మీటరుతో కొలుచునపుడు మొదటి చుట్టు ఒక ఓముకంటె తక్కువగనో, కొద్ది ఓములుగనో ఉండును. రెండవది సామాన్యముగా వేల ఓములు ఉండును. ఖాయమైన అంకె ఆయా ఇంజను పుస్తకమునందే చూడవలెను. టోపీ లోపల రెసిస్టరు ఉండవచ్చును గనుక, టోపీ తీసి కొలువుడు. చల్లగా ఉండగా సరియైన అంకె చూపి, వేడెక్కగానే చెడు కాయిల్‌లును కలవు. అరగంట నడచి ఆగి, చల్లారగానే మరల అంటుకొను ఇంజనును వేడిమీదనే పరీక్షింపవలెను. శీతలనీరు సరిగా పాఱుచున్నదా యనియు చూడవలెను.

చవుకగా వచ్చు నకిలీ సరకును గూర్చి చెప్పవలసినది ఒక్కటే. బయటి ఆకారము కలిసినంత మాత్రమున కాయిల్ కలిసినట్లు కాదు. పాతదాని నంబరు తెచ్చి, దానితో సరిపోల్చి తీసికొనుడు.

ఇంజనుతో వచ్చు పుస్తకము ఇంగ్లీషున ఉండును. మన పిల్లలు బడిలో ఒడియా, ఇంగ్లీషు చదువుదురు. ఇంజను పట్టు పెద్దలకు వచ్చిన అక్షరము తెలుగు. కావున మన సంఘము రెండు పనులు చేయవలెనని కోరుచున్నాము. సంఘము పేర ఒక మీటరును, రవ్వ చూచు పనిముట్టును కొని, అడిగినవారికి వాడుకొననీయవలెను. చదువుకొన్న పిల్లలు తమ పడవ పుస్తకములోని ప్లగ్గు నంబరును, సందును, కాయిల్ ఓములను తెలుగున ఒక చిన్న నోటు పుస్తకములోనికి ఎత్తి వ్రాయవలెను. కాయిల్ ఎప్పుడు వేసినదియు, ఏ సిలిండరునకు వేసినదియు, తీసిన ప్లగ్గు రంగు ఎట్లున్నదియు అందే వ్రాసినచో, రెండవసారి దోషము వచ్చినపుడు ఊహలతో పనిలేదు. ఇంటి తెలుగు ఇట్టి పనికి వచ్చినపుడే పిల్లలకు దానియందు గౌరవము నిలుచును.

వచ్చు వారపు సమావేశమునకు ఎవరి యింట పోయినవని మూల పడవేసిన కాయిల్‌లు ఉన్నను తీసికొని రండు. మా మీటరు తెత్తుము. అందఱ యెదుటను కొలిచి చూతము. వానిలో బాగున్నవి తేలినచో అవి మీ పడవలకే పోవును. మా దుకాణమున కొనవలసిన పని యుండదు. సెలవు.