తప్పు చూపు పలక

మార్కాపురము పేరు చెప్పగానే తెలుగువారికి పలక జ్ఞాపకము వచ్చును. ఆ ప్రాంతపు నల్లని రాతిని త్రవ్వి, పలుచగా చీల్చి, చట్రము బిగించి పంపిన పలకలపై ఎన్ని తరముల పిల్లలు అక్షరములు దిద్దుకొనిరో! ఆ పలకకు ఒక సుగుణము కలదు. తప్పు వ్రాసినను ఊరకుండును. తడిగుడ్డతో తుడిచినచో మరచిపోవును. నేడు అదే సీమలో, కొనకనమిట్ల, పొదిలి మొదలగు చోట్లనుండి బస్సెక్కి వచ్చు యువతీయువకులకు నేను మరియొక పలకపై వ్రాత నేర్పుచున్నాను. అది కంప్యూటరు తెర. దానిపై వ్రాయు భాష జావా.

జావా పుట్టుపూర్వోత్తరములు కొంచెము మనవి చేసెదను. 1991లో అమెరికాలోని సన్ మైక్రోసిస్టమ్స్ సంస్థలో జేమ్స్ గాస్లింగ్ ప్రభృతులు గృహోపకరణములను నడపు ఉద్దేశముతో ఒక భాషను ఆరంభించిరి. మొదట దానికి ఓక్ అను చెట్టు పేరు పెట్టిరి. 1995లో అది జావా అను పేర లోకమునకు తెలిసినది. 1996 జనవరిలో తొలి కూర్పు వెలువడినది. దీని విశేషమేమనగా, మనము వ్రాసినదానిని కంపైలరు ఏ ఒక్క యంత్రమునకును సొంతము కాని నడిమి భాషలోనికి, అనగా బైట్‌కోడులోనికి, మార్చును. ఆయా యంత్రములలోనుండు జావా వర్చువల్ మెషీన్ దానిని ఆ యంత్రమునకు తగినట్లు నడపును. అందుచే ఒకచోట వ్రాసినది వేరొకచోటను నడచును.

ఇక సముదాయ కళాశాల అను తలంపు క్రొత్తది కాదు. అమెరికాలోని జోలియెట్ పట్టణమున 1901లోనే ఇట్టి ప్రభుత్వ కళాశాల వెలసినది. ఇంటికి దగ్గరగా, తక్కువ ఖర్చుతో, పని చేసికొనుచునే చదువుకొనుట దాని పరమార్థము. నా తరగతిలో పగలు అంగడిలో కూర్చుండు వారును, ప్రత్తి తీతల కాలమున చేనికి పోవు వారును కలరు. తెలుగు మాధ్యమమున చదివినవారే ఎక్కువ.

తొలినాడు నల్లబల్లపై 'పబ్లిక్ స్టాటిక్ వాయిడ్ మెయిన్' అని వ్రాసితిని. కొనకనమిట్ల సమీపపు పల్లెనుండి వచ్చు ఒక అమ్మాయి లేచి, "సార్, అర్థం తెలియని మాటలు ఎందుకు రాయాలి?" అని అడిగినది. "తరువాత తెలుస్తుందమ్మా, ఇప్పటికి చూసి రాయి" అంటిని. మరుసటి వారము ఆమె ఒక పంక్తి చివర సెమికోలన్ మరచినది. తెరనిండ ఆంగ్లములో తప్పుల పట్టిక వచ్చినది. నాలుగవ వారమునకు ఆమె చోటు ఖాళీ. బస్సు ఖర్చు కాబోలుననుకొంటిని. ఒకనాడు బస్టాండులో కనిపించి, "అది నన్ను తిడుతున్నట్టుంది సార్, నాకు ఇంగ్లీషు రాదు" అనినది.

తప్పు ఆమెది కాదు, నాది. వ్రాయుట నేర్పితిని గాని, తప్పును చదువుట నేర్పలేదు.

అప్పటినుండి పద్ధతి మార్చితిని. తొలివారము సరియైన ప్రోగ్రామును నేనే యిచ్చి, దానిని కావలెనని చెడగొట్టుడని చెప్పుదును. ఒకరు సెమికోలన్ తీసివేయుదురు. ఒకరు పెద్దక్షరమును చిన్నది చేయుదురు. యంత్రమేమనునో అందరము గట్టిగా చదువుదుము. మొదట ఫైలు పేరు, పిదప పంక్తి సంఖ్య, ఆపైన కారణము: ఇంతియే దాని మాట. ఒక్కొక్కప్పుడు అసలు తప్పు చూపిన పంక్తికి పై పంక్తిలోనుండును. పది తప్పులు చూపినను మొదటిది దిద్దినంతనే పెక్కు మాయమగుట కలదు. ఈ సంగతులను పిల్లలు తెలుగులో పుస్తకమున వ్రాసికొందురు. జావాలో రాశుల పేర్లను తెలుగు అక్షరములతోనే పెట్టవచ్చును; 'మొత్తం', 'కూలి' అని వ్రాసినను యంత్రము కాదనదు. మరియు 2025 సెప్టెంబరులో వచ్చిన 25వ కూర్పులో, మొదట చెప్పిన ఆ పబ్లిక్, స్టాటిక్ అను మాటలు లేకయే చిన్న ప్రోగ్రాములు వ్రాయుటకు వీలు కల్పించిరి. ఆ అమ్మాయి ప్రశ్న లోకమంతటను ఎందరో అడిగినదే యన్నమాట.

ఆమె తరువాతి జట్టులో మరల చేరినది. ఒకనాడు ఏడు బస్తాల కందులను ఇద్దరు పాలివారికి పంచు లెక్క వ్రాయించితిని. పూర్ణాంకముల పద్ధతిలో 7ను 2చే భాగించినచో జావా 3 అని చెప్పును. మిగిలిన భిన్నమును విడిచివేయును. తప్పు చూపలేదు, ఎర్రగీత రాలేదు. తరగతియంతయు సరియేననుకొన్నది. ఆ అమ్మాయి మాత్రము, "మా నాన్న ఒప్పుకోడు సార్, ఆ బస్తా ఏమైపోయింది?" అనినది. దశాంశముల పద్ధతికి మార్చగా మూడున్నర వచ్చినది.

చూడుడు: వ్యాకరణము తప్పినచో ఈ పలక చెప్పును, భావము తప్పినచో పాత పలకవలెనే ఊరకుండును. అక్కడ కాపలా మనిషిదే. ఈ కాలమున కృత్రిమ మేధ అడిగినంతనే ప్రోగ్రాము వ్రాసి యిచ్చుచున్నది గదా, ఇక నేర్చుట యెందులకని కొందరు పెద్దలు అడుగుచున్నారు. చదువరాని కాగితముపై వేలిముద్ర వేయుట ఎంత ప్రమాదమో మన పల్లెలకు తెలియును. ఇదియు అట్టిదే. బస్తా ఎక్కడ పోయినదో అడుగగలవారు ఎప్పుడును కావలయును.

ఈ ఒక్క పాఠక్రమముతో ఉద్యోగము వచ్చునని నేనెవరికిని మాట యియ్యను. అయితే తల్లిదండ్రులకు ఒక మనవి. మీ యింట ఏ అబ్బాయియో, అమ్మాయియో తొలినెలలో కంప్యూటరు ముందు ముఖము చిన్నబుచ్చుకొని కూర్చున్నచో, "నీవల్ల కాదులే" అనవలదు. "ఎన్నో పంక్తి అన్నది? చదువు, విందాము" అని ప్రక్కన కూర్చుండుడు. మీకు జావా రానక్కరలేదు.