దారి హక్కు, బడి హక్కు
(తల్లిదండ్రులు, కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)





మన పాఠశాల ఒకటి పై అంతస్తు వేయాలన్నా, ఇంటర్ తరగతులు తెరవాలన్నా, ఇరుకు భవనం విడిచి పెద్ద స్థలానికి మారాలన్నా ఇరుగుపొరుగు నుంచి ఒక అభ్యంతరం రావచ్చు. "బడికి మేం వ్యతిరేకం కాదు, కానీ ఈ సందు ఇన్ని బండ్లను మోయలేదు" అంటారు. ఆ మాట వినగానే మనలో కొందరు ఇది మతద్వేషమేనని తీర్మానిస్తారు. మరికొందరు గొడవెందుకని విస్తరణనే మానుకుంటారు. రెండూ పొరపాట్లేనని చెప్పడానికే ఈ రోజు మీ ముందు నిలబడ్డాము.

ముందుగా ఆ మాటలోని నిజాన్ని ఒప్పుకుందాం. 63వ నంబరు జాతీయ రహదారి మెట్‌పల్లి, కోరుట్ల, జగిత్యాలల మీదుగానే సాగుతుంది. ధాన్యం లారీలు, ఆర్టీసీ బస్సులు, ఆటోలు, స్కూలు వ్యాన్లు అన్నింటికీ అదే దారి. సిరిసిల్లలో మరమగ్గాల షెడ్లున్న వీధుల్లో నూలు, బట్ట మోసే బండ్లకే చోటు చాలదు. 2018 సెప్టెంబరు 11న మన జగిత్యాల జిల్లాలోనే, కొండగట్టు ఘాట్ రోడ్డుపై కిక్కిరిసిన బస్సు లోయలో పడి 60 మందికి పైగా మరణించారు. అంతకు నాలుగేళ్ల ముందు, 2014 జూలై 24న, మెదక్ జిల్లా మాసాయిపేట వద్ద స్కూలు బస్సును రైలు ఢీకొని పసిపిల్లలు బలయ్యారు. ఇంత చూసిన నేల మీద దారి భద్రత గురించి అడిగేవారిని శత్రువులనడం న్యాయం కాదు.

మన ధర్మం కూడా ఇదే నేర్పుతుంది. దారిలోంచి బాధాకరమైన వస్తువును తొలగించడం విశ్వాసంలో ఒక భాగమని దైవప్రవక్త ముహమ్మద్ (స) బోధించారు. దారిపక్కన కూర్చునేవారు దారికి దాని హక్కు చెల్లించాలని హెచ్చరించారు. పొరుగువారి హక్కును ఆయన ఎంత గట్టిగా చెప్పారో మీకు తెలుసు. బడి గేటు ముందు బండి అడ్డంగా నిలిపి, పక్కింటి రోగిని ఆస్పత్రికి వెళ్లనీయకుండా చేసే తండ్రి తన బిడ్డకు ఆ ఉదయం ఏ పాఠం చెప్పినట్టు?

ఇప్పుడు రెండో వైపు చూద్దాం. రాజ్యాంగంలోని 30(1) అధికరణ అల్పసంఖ్యాకులకు తమకు నచ్చిన విద్యాసంస్థలను స్థాపించుకుని నిర్వహించుకునే హక్కు ఇచ్చింది. 2002లో టి.ఎం.ఎ. పాయ్ కేసులో సుప్రీంకోర్టు పదకొండు మంది న్యాయమూర్తుల ధర్మాసనం ఆ హక్కును నిలబెడుతూనే, అది హద్దుల్లేనిది కాదనీ, సహేతుకమైన నియమాలు వర్తిస్తాయనీ తేల్చింది. కాబట్టి రోడ్డు వెడల్పు, పార్కింగ్, అగ్నిమాపక నియమాలు మనకూ వర్తిస్తాయి. అయితే నియమం బడిని సరిదిద్దాలి, బడిని లేకుండా చేయకూడదు. పక్క వీధిలోని ప్రైవేటు పాఠశాలకూ, ఫంక్షన్ హాలుకూ ఏ కొలబద్దో మనకూ అదే కొలబద్ద కావాలి.

ఈ కొలబద్ద మాట అమెరికాలో కోర్టు దాకా వెళ్లింది. న్యూజెర్సీ రాష్ట్రంలోని బెర్నార్డ్స్ టౌన్‌షిప్‌లో ముస్లింలు మసీదు కట్టుకోవాలనుకున్నారు. 39 విచారణల తర్వాత 2015 డిసెంబరులో అనుమతి నిరాకరించారు. చర్చిలకు ముగ్గురికి ఒక పార్కింగ్ స్థలం చొప్పున సరిపోతుందన్న అధికారులు, 150 మంది నమాజీలకు మాత్రం 107 స్థలాలు చూపమన్నారు. ఈ తేడా చెల్లదని 2016 చివరి రోజున ఫెడరల్ కోర్టు తేల్చింది. 2017లో టౌన్‌షిప్ రాజీకి వచ్చి 32.5 లక్షల డాలర్లు చెల్లించింది, మసీదుకూ దారి తెరుచుకుంది.

ఆస్ట్రేలియాలోని కామ్డెన్ కథ వేరు. 1,200 మంది పిల్లల కోసం తలపెట్టిన ఇస్లామిక్ పాఠశాల స్థలంలో 2007లో పందుల తలలు పాతారు. అంత బాహాటమైన ద్వేషం అది. 2008లో పురపాలక మండలి మాత్రం ట్రాఫిక్ వంటి ప్రణాళికా కారణాలు చూపి దరఖాస్తును తిరస్కరించింది. అప్పీలు కూడా 2009లో వీగిపోయింది. అవతలివారి ద్వేషం ఎంత నిజమైనా, ప్రణాళిక మీద లేచిన ప్రశ్నకు ప్రణాళికతోనే జవాబు చెప్పాలి. అందుకే కాగితం ముందు గట్టిపడాలి.

మనకు పోయేదేమిటో కూడా గుర్తుంచుకోండి. ముస్లింల విద్యా వెనుకబాటును సచార్ కమిటీ 2006లోనే దేశం ముందు పెట్టింది. తెలంగాణలో మైనారిటీ గురుకులాలు 2016లో 71తో మొదలై 204కు పెరిగాయి, చాలావాటిలో ఇంటర్ కూడా వచ్చింది. తండ్రి గల్ఫ్‌లో, తల్లి బీడీల చాటతో ఉన్న ఇంటి ఆడపిల్లకు పదో తరగతి తర్వాత దగ్గర్లో తరగతి గది లేకపోతే చదువు అక్కడే ఆగిపోతుంది. ట్రాఫిక్ పేరిట ఆగే గది ఖరీదు ఆ బిడ్డ భవిష్యత్తే.

కనుక చేయవలసిన పనులు ఇవి. అనుమతికి దరఖాస్తు చేయకముందే చుట్టుపక్కల ఇళ్లవారిని పిలిచి నక్షా చూపండి. ఏ గంటకు ఎన్ని బండ్లు వస్తున్నాయో వారం రోజులు మీరే లెక్కపెట్టి రాసిపెట్టుకోండి. తరగతుల వేళలను విడివిడిగా పెట్టండి. పిల్లలను దించే చోటు ఆవరణ లోపలే ఉండాలి, గేటు రోడ్డుకు ఆనుకుని ఉండకూడదు. వంతులవారీగా ఇద్దరు తండ్రులు గేటు దగ్గర నిలబడాలి. మైనరు పిల్లవాడి చేతికి బండి ఇవ్వకండి. 2019 సవరణ ప్రకారం దానికి తల్లిదండ్రులకు 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ల వరకు జైలు. అభ్యంతరాలకు నోటిమాటతో కాక రాతపూర్వకంగా జవాబివ్వండి. అదే వీధిలోని ఇతర సంస్థలకు ఏ షరతులతో అనుమతి ఇచ్చారో సమాచార హక్కు చట్టం కింద అడగండి.

ఇంత చేసిన తర్వాత కూడా అడ్డుకుంటే, అప్పుడు అది ట్రాఫిక్ కాదని లోకమే గ్రహిస్తుంది. అప్పుడు వెనకడుగు వేయకండి. కోర్టుకు వెళ్లండి, మైనారిటీ విద్యాసంస్థల జాతీయ కమిషన్‌ను ఆశ్రయించండి.

దారికి దాని హక్కు ఇద్దాం. బడికి దాని హక్కు అడుగుదాం. మన పిల్లల చదువునూ, వారు నడిచే బాటనూ అల్లాహ్ సురక్షితంగా ఉంచుగాక. ఆమీన్.