ఇంటిమీది ఆకాశము

భూమి యెవ్వనిదో ఆ భూమిపైనున్న ఆకాశమంతయు వానిదే, దాని క్రింది పాతాళమంతయు వానిదే యని పూర్వ మాంగ్లేయుల న్యాయశాస్త్రమున నొక సూత్రముండెను. పక్షులును గాలిపటములును దప్ప మఱేదియు నింటిమీదుగా నెగురని దినములలో ఆ సూత్రమువలన నెవ్వరికిని నష్టము లేకపోయెను. విమానము పుట్టినతోడనే చిక్కు వచ్చినది. ఆకాశమంతయు భూస్వాములదే యైనచో విమానము కదలుటకు వీలులేదు. ఆకాశము విమానములదే యైనచో క్రిందనున్నవారు నిద్రించుటకు వీలులేదు. ఈ రెంటి నడుమ న్యాయమైన హద్దు ఎచ్చటనున్నది? ఇదియే నేటి ప్రసంగవిషయము.

ఈ ప్రశ్నకు మొదటి గొప్ప పరీక్ష అమెరికాలో ఒక కోళ్లదొడ్డిలో జరిగినది. ఉత్తర కారొలీనా రాష్ట్రమున గ్రీన్స్‌బరో పట్టణమునకు సమీపమున కాజ్బీ దంపతులకు 2.8 ఎకరముల నేల యుండెను. వారు కోళ్లను పెంచి జీవించుచుండిరి. 1942 లో ప్రక్కనున్న చిన్న విమానాశ్రయమును ప్రభుత్వము యుద్ధావసరములకై బాడుగకు దీసికొనెను. అది మొదలు పెద్ద బాంబరు విమానములు వారి యింటికప్పునకు 67 అడుగుల యెత్తున మాత్రమే పోవుచు దిగసాగినవి. కోళ్లు బెదరి గోడలకు గొట్టుకొని దాదాపు 150 చచ్చినవి. దంపతులకు నిద్ర కఱవయ్యెను. 1946 లో సుప్రీముకోర్టు తీర్పు చెప్పెను. ఆకాశమంతయు భూస్వామిదే యను సూత్రమునకు ఈ కాలమున స్థానము లేదు. కాని ఇంటిని ఇల్లుగా ననుభవింపనీయనంత తక్కువ యెత్తున, అంత తఱచుగా విమానము లెగిరినచో, ప్రభుత్వము ఆ నేలను దీసికొన్నట్లే, మూల్యమీయక తప్పదు.

ఆ తీర్పు నేరుగా నెత్తిమీద నెగురు విమానమునకు సరిపోయినది. అయితే ధ్వని హద్దురాళ్లను జూచి యాగునది కాదు. పెద్ద విమానాశ్రయములకంటె చిన్నవాటి సమీపమున ఈ బాధ యొక విచిత్రరూపమును దాల్చుచున్నది. చిన్న విమానాశ్రయమున పెద్ద జెట్టువిమానముల గర్జన యుండదు. అచ్చట నెగురునవి శిక్షణవిమానములు, ధనికుల సొంత విమానములు, హెలికాప్టరులు. నేర్చుకొనువాడు దిగుట నభ్యసింపవలెను. చక్రములు నేలను దాకగానే మరల లేచి, చుట్టు తిరిగి, మరల దిగును. ఒక గంటలో అదే విమానము అవే యిండ్లమీదుగా పలుమార్లు పోవును. ఇదియంతయు సాయంకాలమునను, సెలవుదినములందును, అనగా జనులు పనులు ముగించి యిండ్ల నుండు వేళలందే హెచ్చుగా జరుగును. పెద్ద చప్పు డొకమారు వచ్చి పోవును. చిన్న చప్పుడు తిరిగి తిరిగి వచ్చును. రెండవదానికొఱకు చెవి యెదురుచూచుచునే యుండును. ఆ యెదురుచూపే అసలైన బాధ.

ఈ బాధను లెక్కలోనికి దెచ్చుట సులభము కాదు. ధ్వనిని డెసిబెళ్లలో కొలుతురు. పది డెసిబెళ్లు పెరిగినచో ధ్వనిశక్తి పదిరెట్లగును. అమెరికాలో విమానాశ్రయముల విషయమున నొక దినమంతటి ధ్వనిశక్తిని కూడి సగటు దీయుదురు. రాత్రి పదిగంటలు మొదలు ఉదయము ఏడుగంటలవఱకు నెగిరిన విమానమును పది విమానములుగా నెంతురు. ఈ సగటు 65 డెసిబెళ్లకు లోబడియున్నచో ఆ స్థలము నివాసయోగ్యమే యని ప్రభుత్వపు లెక్క. ఇపుడొక చిన్న గణితము చేయుదము. ఒక విమానము ఇంటిమీదుగా పోవునపుడు కలుగు ధ్వనినంతయు ఒక్క సెకండులోనికి కుదించినచో 95 డెసిబెళ్లగుననుకొందము. ఆ మ్రోతకు మాటలాడుచున్నవారు మాట నిలుపవలసివచ్చును. అట్టి విమానములు పగటివేళ 50 పోయినను దినపు సగటు 63 నైన దాటదు. కాగితముమీద ఆ యిల్లు ప్రశాంతమే. ఇంటిలోనివారికి మాత్రము ఏబదిమార్లు మాట తెగినది. సగటు అసత్యమాడుట లేదు. కాని ఇంటివా రడిగిన ప్రశ్నకు అది ప్రత్యుత్తరము కాదు.

లెక్క యెట్లున్నను, ఈ రొదను తగ్గించు అధికార మెవ్వరిది? 1962 లో సుప్రీముకోర్టు పిట్స్‌బర్గు విమానాశ్రయ సంబంధమైన యభియోగమున, క్రింది యింటివానికి మూల్యమీయవలసిన బాధ్యత విమానాశ్రయపు యజమానిదే యని నిర్ణయించెను. 1973 లో మఱియొక తీర్పు వచ్చెను. కాలిఫోర్నియాలోని బర్‌బ్యాంకు నగరము, తనది కాని విమానాశ్రయమునుండి రాత్రి పదునొకండు గంటలు మొదలు ఉదయము ఏడుగంటలవఱకు జెట్టువిమానములు లేవరాదని శాసించెను. ఆకాశమార్గములను కేంద్రప్రభుత్వమే పాలించుచున్నది గనుక నగరమున కా యధికారము లేదని న్యాయమూర్తులు ఐదుగురు చెప్పిరి, నలుగురు కాదనిరి. ఈ రెండు తీర్పులను గలిపి చదివినచో ఒక మార్గము కనబడును. నగరము కేవలము నగరముగా విమానములను శాసింపజాలదు. విమానాశ్రయము తనదే యైనచో, యజమానిగా కొంత చేయవచ్చును.

లాస్ ఏంజెలెసు ప్రక్కనున్న సాంటా మోనికా నగర మా మార్గముననే నడచెను. అచ్చటి విమానాశ్రయము చిన్నదైనను చరిత్రలో చిన్నది కాదు. 1924 లో మొదటిసారి భూప్రదక్షిణము చేసిన విమానములు అచ్చటి డగ్లస్ కర్మాగారమున నిర్మింపబడినవే. 1935 డిసెంబరు 17 వ తేదీన డీసీ-3 విమానము తొలిసారి అచ్చటినుండియే లేచెను. కర్మాగారమువలన పనివారు వచ్చిరి. పనివారికి ఇండ్లు లేచినవి. ఇండ్లు ముందా, విమానాశ్రయము ముందా యని నేడు వాదించువారు ఈ సంగతిని మఱచుచున్నారు. ఒకదానిని మఱియొకటి పెంచినది.

జెట్టువిమానములు వచ్చిన తరువాత కలహము ముదిరెను. నగరము రాత్రి లేచుటను నిషేధించెను, ధ్వనికి మితి విధించెను, జెట్టులను బొత్తిగా రానీయమనెను. 1979 లో న్యాయస్థానము తక్కిన నిబంధనల నంగీకరించి జెట్టుల నిషేధమును మాత్రము కొట్టివేసెను. మఱలు పెట్టిన విమానముకంటె మెల్లగా ధ్వనించు జెట్టు రాగా దాని నేల యాపవలెను? ఈ తీర్పులో గొప్ప యుపదేశము కలదు. ఆపవలసినది ధ్వనిని గాని యంత్రపు జాతిని గాదు. 1984 లో నగరమును కేంద్రప్రభుత్వమును ఒడంబడిక చేసికొని, ఒక్కొక్క విమానపు ధ్వనికి 95 డెసిబెళ్ల మితి నిర్ణయించుకొనిరి. అది సగటునకు గాక ఒక్కొక్క మ్రోతకు బెట్టిన హద్దు. ఇంటివారి బాధను సరిగా కొలిచిన కొలబద్ద యదియే.

1990 లో కేంద్రప్రభుత్వ మొక క్రొత్త చట్టము చేసెను. అది మొదలు ఏ విమానాశ్రయమైనను క్రొత్త నిర్బంధము విధింపదలచినచో, ముందుగా దానివలని లాభనష్టములను శాస్త్రీయముగా పరిశీలించి ప్రకటింపవలెను. క్రొత్త తరగతి విమానముల నాపుటకు కేంద్రపు టనుమతియో, నడపువారందఱి సమ్మతియో కావలెను. ఫ్లోరిడాలోని నేపుల్సు విమానాశ్రయమువారు ఆ పరిశీలనను శ్రద్ధగా జరిపి, మిక్కిలి రొదచేయు పాత జెట్టుల నాపిరి. కేంద్రాధికారులు కాదని ధనసహాయమును నిలిపివేసినను, 2005 లో న్యాయస్థానము నేపుల్సువారి పక్షమున నిలిచెను. న్యూయార్కు రాష్ట్రములోని ఈస్టు హాంప్టను పురము 2015 లో రాత్రినిషేధమును మఱికొన్ని నిబంధనలను చేసెను. చట్టము చెప్పిన పరిశీలన మాత్రము చేయలేదు. 2016 లో ఆ నిబంధనలు న్యాయస్థానమున నిలువలేదు. రెండు పురముల బాధయు నొక్కటే. ఒకరు ఓపికతో లెక్క వ్రాసిరి, వేఱొకరు తొందరపడిరి.

సాంటా మోనికా కథ 2017 లో నొక మలుపు తిరిగెను. నగరమును కేంద్రప్రభుత్వమును రాజీపడగా, 4,973 అడుగుల పొడవుగల పరుగుబాట 3,500 అడుగులకు కుదింపబడినది. 2028 డిసెంబరు 31 తరువాత విమానాశ్రయమును మూసివేయుటకు నగరమునకు హక్కు లభించినది. బాట పొట్టిదగుటచే పెద్ద జెట్టులు చాలవఱకు రాకపోయినవి. ఏబదియేండ్ల వ్యాజ్యములకు కొలబద్ద చేయలేని పనిని గునపము చేసినది.

అయితే మూసివేతయే సర్వరోగనివారిణి కాదు. చిన్న విమానాశ్రయమున విమానచోదకులు తయారగుదురు. రోగిని మోయు విమానము దిగునది యచ్చటనే, కార్చిచ్చు నార్పు విమానము లేచునది యచ్చటనే. కావున మూయుటకు ముందు చేయదగిన పనులను జూడవలెను. మొదటిది కాలము: శిక్షణపు చుట్లను రాత్రివేళను, సెలవుదినపు ఉదయమునను మానుట. రెండవది మార్గము: ఇండ్లమీదుగా గాక సముద్రముమీదుగానో రాజమార్గముమీదుగానో పోవుట. మూడవది ఎత్తు: దూరము రెట్టింపైనచో ధ్వని ఆరు డెసిబెళ్లు తగ్గును, కావున దిగుటకు ముందు వీలైనంతసేపు పైననే యుండుట మేలు. నాల్గవది పంపకము: శిక్షణపు భారమంతయు ఒక్క పేటమీద వేయక పరిసరముల విమానాశ్రయములకు పంచుట. వీనిలో పెక్కింటికి చట్టము కావలసిన పనిలేదు. చోదకులును గృహస్థులును ఒకచోట కూర్చుండి యొప్పుకొన్న జాలును. గృహస్థులు కోపముతో గాక తేదీ, వేళ, విమానము పోయిన దిక్కు వ్రాసి ఫిర్యాదు చేసినచో, దానికి జవాబు చెప్పక తప్పించుకొనుట కష్టము.

అన్నిటికంటె చౌకయైన మందు భూమిలో నున్నది. బాట చివరల నింకను ఖాళీగానున్న నేలలో ఇండ్లకు బదులు గిడ్డంగులను, తోటలను ఉండనిచ్చినచో కలహమే పుట్టదు. కాలిఫోర్నియాలో 2004 నుండి, విమానాశ్రయపు ప్రభావములోనున్న యింటిని అమ్మువాడు కొనువానికి ఆ సంగతి తెలుపవలె నను చట్టము కలదు. మన హైదరాబాదువారికి ఈ పాఠము క్రొత్తది కాదు. ఊరివెలుపల వెలసిన బేగంపేట విమానాశ్రయమును నగరము నలుదెసల చుట్టుకొనెను. 2008 మార్చిలో ప్రయాణికుల విమానములు శంషాబాదునకు తరలిపోయినవి. క్రొత్త విమానాశ్రయముచుట్టును నగర మెట్లు పెరుగవలెనో ముందుగా గీయని గీత, పిదప న్యాయస్థానమున గీయబడును. అపుడు దాని వెల యెక్కువ.

శ్రోతలారా, విమానము మనకు శత్రువు కాదు. నిద్రించు బిడ్డయు, చదువుకొను బాలుడును, రోగపుమంచముమీది ముసలివాడును విమానమునకు శత్రువులు కారు. ఆకాశమున కెవ్వరును సొంతదారులు కాకపోవచ్చును. దాని క్రింద నిద్రించువారు మాత్రము కలరు. ఎగురువాడు వారి తలుపు తట్టకయే వారి యింటిలోనికి వచ్చుచున్నాడు. వచ్చు వేళయు, వచ్చు త్రోవయు వారితో నాలోచించి నిర్ణయించుకొనుట యతిథిమర్యాద. ఆ మర్యాద యున్నచోట చట్టముతో పని తక్కువగును.