కాల్చివేసిన లాభం



ఒకసారి కంపెనీ పనిమీద కెన్యా రాజధాని నైరోబీకి వెళ్లాను. ఆ వారమంతా నాకు మనశ్శాంతి లేదు. రాని సరుకు వచ్చినట్టు రాసిన లెక్క ఒకటి నా బల్లమీద ఉంది. సోమవారం దానిమీద సంతకం పెట్టాలి.

అక్కడే ఉద్యోగం చేస్తున్న మిత్రుడొకడు శనివారం తెల్లవారకముందే వచ్చి, "పదన్నా, జంతువులను చూసొద్దాం" అన్నాడు. 1946లో ఏర్పడిన నైరోబీ నేషనల్ పార్కు నగరాన్ని ఆనుకొనే ఉంది. జిరాఫీల వెనుక ఎత్తయిన భవనాలు కనబడ్డాయి. నల్ల ఖడ్గమృగాన్ని కూడా చూశాము.

తిరిగి వస్తూ ఒకచోట జీపు ఆపించాడు. 1989 జులైలో అప్పటి అధ్యక్షుడు డేనియల్ అరప్ మోయ్ 12 టన్నుల ఏనుగు దంతాలకు నిప్పు పెట్టిన స్థలం అది.

"అమ్మితే లక్షల డాలర్లు వచ్చేవి కదా?" అన్నాను.

"కొనేవాడు ఉన్నంతకాలం చంపేవాడూ ఉంటాడన్నా" అన్నాడు.

ఆ అక్టోబరులోనే ఆఫ్రికా ఏనుగు దంతాల అంతర్జాతీయ వ్యాపారాన్ని నిషేధించడానికి దేశాలు నిర్ణయించాయి.

మిత్రుని మాట నా గుండెకు తగిలింది. నావంటివాడు సంతకం పెడుతున్నంతకాలం దొంగలెక్క రాసేవాడూ ఉంటాడు! సోమవారం నేను సంతకం పెట్టలేదు. రావలసిన ప్రమోషన్ రాలేదు. పోయిన నిద్ర మాత్రం తిరిగి వచ్చింది.

ప్రియ శ్రోతా, నీ చేతిలో అటువంటి లాభమేదైనా ఉన్నదా? దానిని దాచుకొనవద్దు. నేడే విడిచిపెట్టుము.