సైకిళ్లపై పల్లె నుండి పల్లెకు
(ప్రసంగ పాఠము)



సైకిలు మన గ్రామములకు క్రొత్త వాహనము కాదు. పాలక్యానులను, గడ్డిమోపులను, బట్టల మూటలను, బడికి పోవు పిల్లలను అది చిరకాలముగా మోయుచున్నది. నేడు మేము చెప్పదలచినది దాని మరియొక ఉపయోగమును గూర్చి. పదులకొలది జనులు సైకిళ్లనెక్కి, వారముల తరబడి ఒక పల్లె నుండి మరియొక పల్లెకు సాగిపోవు యాత్ర యొకటి ఐరోపా ఖండములో 1990లో ప్రారంభమైనది. దాని పేరు ఎకోటోపియా బైక్‌టూర్. ఆ యాత్రికులకు కోటలతోను, మ్యూజియములతోను పనిలేదు. తమ యిండ్లు తామే కట్టుకొని, కూరగాయలు తామే పండించుకొని, ఉన్నదానిని పంచుకొని బ్రతుకు జనులున్న తావులను వెదకికొని పోవుదురు.

ఆ పేరు ఒక నవల నుండి వచ్చినది. అమెరికా రచయిత ఎర్నెస్ట్ కాలెన్‌బాక్ 1975లో ప్రకటించిన నవలలో ప్రకృతికి హాని చేయక జీవించు ఒక దేశమును ఊహించి, దానికి ఎకోటోపియా అని పేరిడెను. ఐరోపాలో అడవుల రక్షణకై పూనుకొనిన ఒక యువజన సంఘము 1989 వేసవిలో జర్మనీలోని కొలోన్ నగర సమీపమున ఆ పేరుతోనే ఒక శిబిరము నడపినది. ఆ పిదప శిబిరము ఏటేట ఒక్కొక్క దేశమున జరిగినది. ప్రకృతిని గూర్చి మాటలాడుటకు విమానములలోను, కారులలోను దిగుట తగదని తోచిన వారు సైకిళ్లపై బయలుదేరిరి. కాలక్రమమున ఆ శిబిరములు నిలిచిపోయినవి. యాత్ర మాత్రము వాని తరువాతను సాగినది.

ఆ శిబిరములలోని ఒక యేర్పాటు మాకు మిక్కిలి నచ్చినది. అప్పుడే తూర్పు ఐరోపా దేశముల సరిహద్దులు తెరచుకొనుచుండెను. అచటి యువకుల చేతిలో సొమ్ము స్వల్పము. అందరికి ఒకే ధర పెట్టినచో జర్మనీ వానికి తేలికయైన భోజనము పోలండు వానికి భారమగును. కావున శిబిరమున 'ఎకో' అను స్వంత నాణెమును చెలామణి చేసిరి. బ్యాంకి ధరను ప్రక్కన పెట్టి, ఆయా దేశములలోని జీవనవ్యయమును బట్టి మారకపు ధర కట్టిరి. గుంపులో ధనికుడును, పేదయు కలిసి నడువవలెనన్నచో లెక్క ఎచట మొదలు పెట్టవలెనో వారు గ్రహించిరనవచ్చును.

ఇట్టి యాత్రలకు ఆతిథ్యమిచ్చు సమష్టి పల్లెలు ఎట్టివో తెలియుటకు మూడింటిని చెప్పెదము. ఈ యాత్ర వీనినన్నిటిని చుట్టివచ్చినదని మా భావము కాదు. జర్మనీలో జీబెన్ లిండెన్ అను పల్లె 1997లో వెలసినది. అచట 100 మందికి పైగా నివసింతురు. యంత్రముతో నొక్కి కట్టిన గడ్డికట్టలను గోడలలో పేర్చి, పైన మట్టిపూత పూసి, మూడంతస్తుల యింటిని సైతము కట్టిరి. చలిదేశమున గడ్డి వెచ్చదనమును నిలుపును. స్పెయిన్ దేశపు ఉత్తర భాగమున, నవార్రా ప్రాంతములో లకాబె అను పల్లె యున్నది. జనులు విడిచిపోగా శిథిలమైన ఆ ఊరిని 1980లో కొందరు యువజనులు తిరిగి నిలబెట్టిరి. రొట్టెలు కాల్చి అమ్ముట వారి జీవనాధారములలో నొకటి. డెన్మార్కు రాజధానియందు, సైన్యము వదలిన స్థలములో 1971లో క్రిస్టియానియా ఏర్పడినది. దాని వీధులలో కారులకు చోటు లేదు. ముందు పెద్ద పెట్టె గల మూడు చక్రముల సైకిలు అచటి కమ్మరి పనివారి చేతిలో రూపొంది, ఆ నగరమంతట వ్యాపించినది. పిల్లలను, సరకులను ఆ పెట్టెలోనే కూర్చి తీసికొనిపోవుదురు.

ఇక యాత్ర నడచు తీరు చూడుడు. దినమునకు 50 కిలోమీటర్లకు అటునిటుగా పోవుదురు. కొండదారి యైనచో అంతకు తక్కువ. బారులు తీరి ఒకరి వెనుక ఒకరు పోవలెనను నియమము లేదు. ముందు పోవువారు ప్రతి మలుపు వద్ద సుద్దతో రోడ్డుపై బాణపు గుర్తు గీయుదురు. వెనుకవారు ఆ గుర్తులను చూచుకొనుచు తమ శక్తి కొలది వత్తురు. దీనివలన నెమ్మదిగా త్రొక్కువానికి ఎవరిని నిలిపితినోయను సంకోచముండదు. చెట్టు క్రింద కునుకు తీయదలచిన వానికి అడ్డుండదు. వానకు సుద్ద కొట్టుకొనిపోవును. అట్టి దినమున మలుపులో మనిషియే నిలువవలెను.

గుడారము, దుప్పటి, మార్చుకొను బట్టలు ఎవరివి వారు సైకిలుకు ఇరుప్రక్కల సంచులలో వేసికొందురు. పెద్ద వంటపాత్రలు, పంపు, పంక్చరు సామగ్రి, విడి ట్యూబులు అందరివి. వీనిని సైకిలు వెనుక తగిలించు చిన్న బండ్లలో లాగుదురు. ఈ బండి విషయముననే గుంపు గుణము బయటపడునని మా అభిప్రాయము. ఎక్కుడు దారిలో బండి లాగుట సామాన్యమైన పని కాదు. బలశాలి తన బలమును ముందు చేరుటకు వినియోగించినచో గుంపు చీలును. బండి అతనికి తగిలించినచో అతని వేగమును, తక్కినవారి వేగమును సరిపోవును.

వంటలో మాంసము, గ్రుడ్లు, పాలు వాడరు. ఇందులో సిద్ధాంతమెంత యున్నదో సదుపాయమును అంతయే యున్నది. ఎండలో చెడని దినుసులు చాలును; ఏ దేశము వానికైనను ఒకే కుండలోనిది వడ్డింపవచ్చును. ఖర్చునకై అందరును శక్తికొలది సొమ్ము వేసికొందురు. నాయకుడు లేడు. వలయముగా కూర్చుండి, ఒప్పుకొనినవారు రెండు చేతులెత్తి వ్రేళ్లాడింతురు. ఒక్కడు గట్టిగా కాదన్నను మరల చర్చింతురు. ఈ పద్ధతి న్యాయమైనదే గాని, బహుకాలమును మ్రింగును. ఆకలిమీద నున్నవారిచే సభ జరిపించుట వృథా యని మాత్రము చెప్పవలసి యున్నది. ముందు భోజనము, ఆపై సభ.

ఇంతకు ముఖ్యమైన చిక్కు ఆతిథ్యమిచ్చు వారిది. ఇరువది మంది నివసించు చోట ముప్పది మంది ఒక్కసారి దిగినచో నీరెంత కావలెను? మరుగుదొడ్లు చాలునా? అట్టి పల్లెలలో నీరు పోయక, రంపపు పొట్టు చల్లి ఎరువుగా మార్చు దొడ్లుండుట కద్దు. తొట్టి నిండినచో దానిని ఎత్తిపోయువారెవరు? అందువలన నెలల ముందే ఉత్తరము వ్రాసి అనుమతి పొందుదురు. వంట తామే చేసికొందురు. కొన్నిచోట్ల రెండు మూడు దినములు నిలిచి, కలుపు తీయుట, కట్టెలు కొట్టుట, మట్టి మెత్తుట వంటి పనులలో పాల్గొందురు. చూచి పోవుటకు మాత్రమే వచ్చిన గుంపు, ఎంత మంచిదైనను, రెండవసారి వచ్చునప్పుడు తలుపు తట్టుటకు వెనుదీయవలసి యుండును.

మన దేశములో ఇంతకంటె కఠినమైన ప్రయోగము జరిగినది. రాజస్థాన్‌లోని ఉదయపూరులో 1998లో నెలకొనిన శిక్షాంతర్ అను సంస్థవారు 2005లో సైకిలు యాత్రలు ఆరంభించిరి. వారములోపల ముగియు ఆ యాత్రలో ఒక్క రూపాయియైన వెంట నుంచుకొనరాదు. సెల్‌ఫోను కూడదు. ఊరూర పనిచేసి, ఆ ఊరివారు పెట్టినది తినవలెను. 2010లో అచట ఆరంభమైన స్వరాజ్ విశ్వవిద్యాలయపు విద్యార్థులకును ఇట్టి యాత్ర చదువులో భాగమైనది.

అయితే ఆ పల్లెలు ఐరోపాలోని సమష్టి పల్లెల వంటివి కావు. అవి సామాన్య రైతుల ఊళ్లు. పట్టణపు యువకునికి కలుపు తీయుట నేర్పుటలో రైతునకు పోవు కాలము, అతడు తీసిన కలుపు కంటె విలువైనది కావచ్చును. రొట్టెలు చేయు ఇల్లాలికి పిండి విసరవలసిన భారము పెరుగును. ఆమెను ఎవరు అడిగిరి? ఈ ప్రశ్నకు పూర్తి సమాధానము మాకు కనబడలేదు. కాని కొంత మార్గము లేకపోలేదు. గుంపు చిన్నదై, ఇంటికి ఇద్దరు చొప్పున సర్దుకొనవలెను. నీరు తోడుట, కట్టెలు తెచ్చుట, పాత్రలు తోముట నేర్పనక్కరలేని పనులు. యాత్రికులు పొలమునకు పోవుటకు ముందు, తెల్లవారుజాముననే, వానిని ముగింపవలెను. మధ్యాహ్నమునకు ఆ యిల్లాలికి ఒక గంట తీరిక దొరకినచో, అప్పుడు ఆమెతో కూర్చుండి ఆ ఊరి సంగతులు అడుగవచ్చును.