మందుల చీటీలో ఎవరి మాట?



తిరువళ్ళూరు, తిరుత్తణి పక్క పల్లెల్లో మనవాళ్ళకు రెండు రకాల మాత్రలు తెలుసు. ధర్మాసుపత్రిలో ఊరకే ఇచ్చేవి ఒకటి, మందుల షాపులో డబ్బు పోసి కొనేవి మరొకటి. ఊరకే వచ్చిన మాత్రకు గుణం తక్కువని చాలామంది నమ్మకం. పింఛనుతో బతికే ముసలమ్మ కూడా ఆసుపత్రి మాత్రలు పెట్టెలో పడేసి, చెవి కమ్మలు కుదువబెట్టి షాపుకు పోతుంది. ఈ నమ్మకం దానంతట అది పుట్టింది కాదు.

చీర కొనేటప్పుడు పది చూసి ఒకటి ఎంచుకుంటాం. మందు సంగతి అలా కాదు. రాసేవారు ఒకరు, డబ్బిచ్చేవారు మరొకరు. షెడ్యూలు 'హెచ్' మందుల్లో, చీటీలో రాసిన పేరుకు బదులు అదే మందును ఇంకో పేరుతో ఇవ్వడానికి షాపువాడికి చట్టం ఒప్పుకోదు. అంటే, డాక్టరు కలం ఏ పేరు రాస్తే ఆ పేరే. కంపెనీలకు ఇది బాగా తెలుసు. అందుకే వారి ప్రతినిధులు తోలుసంచీ పట్టుకుని మన గడపకు రారు, డాక్టరు గది ముందు కూర్చుంటారు.

సంచీలో సమాచారమే ఉంటే తప్పేమీ లేదు. కొత్త మందు గురించి డాక్టరుకు తెలియాలి కదా! చిక్కు కానుకలతో వచ్చింది. డాక్టర్లు కంపెనీల నుంచి కానుకలు పుచ్చుకోరాదని 2009 డిసెంబరులో వైద్య మండలి నిబంధన పెట్టింది. ఆ తరువాత మన చెన్నైలోని అపెక్స్ లాబరేటరీస్ వ్యవహారం సుప్రీంకోర్టు దాకా పోయింది. జింకోవిట్ అనే బలం మాత్రల ప్రచారం కోసం డాక్టర్లకిచ్చిన వాటికి అయిన సుమారు 4 కోట్ల 72 లక్షల రూపాయలను వ్యాపార ఖర్చుగా చూపి పన్ను తగ్గించమని ఆ కంపెనీ కోరింది. 2022 ఫిబ్రవరి 22న కోర్టు కాదన్నది. ఇలాంటి కానుకల్లో బంగారు నాణేలు, టీవీలు, ఫ్రిజ్‌లు కూడా ఉంటాయని తీర్పులో పేర్కొన్నది. ఆ ఖర్చంతా చివరకు మందు ధరలో కలిసి రోగి నెత్తినే పడుతుందని కూడా చెప్పింది.

ఇక ఆ ఊరకే వచ్చే మాత్ర సంగతి. 1994లో ఏర్పడిన తమిళనాడు వైద్య సేవల సంస్థ మందులను అసలు పేర్లతోనే టెండరు పిలిచి, టోకున కొంటుంది. నమూనాలు ప్రయోగశాలలో పరీక్షించాకే ఆసుపత్రులకు పంపుతుంది. కానుకల ఖర్చు, ప్రకటనల ఖర్చు అందులో లేవు గనుకనే చవక. ఈ పద్ధతిని చూసి రాజస్థాన్ 2011లో ఇలాంటి సంస్థ పెట్టుకుంది. 1960లో సరిహద్దు మారి తిరుత్తణి ఇటు వచ్చినందుకు నొచ్చుకున్న పెద్దలు ఉండవచ్చు గాని, మందుల విషయంలో మనకు నష్టమేమీ జరగలేదు.

డాక్టర్లు అసలు పేరే రాయాలని 2023 ఆగస్టు 2న జాతీయ వైద్య కమిషన్ నిబంధన తెచ్చింది. నాణ్యతకు పూచీ ఎవరని డాక్టర్ల సంఘాలు అడిగాయి. ఆ ప్రశ్న కొట్టిపారేయదగినది కాదు. అదే నెల 23న నిబంధన నిలిచిపోయింది. 2024 మార్చిలో కేంద్రం కంపెనీల ప్రచారానికి నియమావళి ప్రకటించింది, కాని ఫిర్యాదులు వినేది కంపెనీల సంఘాల కమిటీలే.

ఇవన్నీ విని బి.పి. మాత్రో, షుగరు మాత్రో మీ అంతట మీరు మానేయకండి, మార్చుకోకండి. చీటీ రాసేటప్పుడే అడగండి: "అయ్యా, దీని అసలు పేరేమిటి? ఇదే మందు ఆసుపత్రిలో దొరుకుతుందా? జన ఔషధి కేంద్రంలో గాని, ముదల్వర్ మరుందగంలో గాని తీసుకోవచ్చా?" ఆ మాట అడిగినందుకు ఏ మంచి డాక్టరూ కోప్పడడు.